ఉండటానికీ, ట్రెయిలర్ లాగడానికీ ఒకే సెకండ్ హ్యాండ్ బండి: ముందు కాటా లెక్క చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇద్దరు మనుషులు. చేతిలో డబ్బు తక్కువ. ఒక పాత బండి కొని అందులోనే ఉంటూ, వెనక పనిముట్ల ట్రెయిలర్ తగిలించుకుని ఊళ్లు తిరగాలి. ట్రెయిలర్ నిండుగా ఉంటే 1,500 కిలోలు. పెద్ద ఎస్‌యూవీ తీసుకోవాలా, పికప్పా, వ్యానా, లోపల ఇల్లులా కట్టి ఉండే పాత మోటర్‌హోమా? ఎన్ని కిలోమీటర్లు తిరిగిన బండి వరకు ధైర్యం చేయవచ్చు?

ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నది తర్వాత చూద్దాం. మీ ప్రశ్నలో ఒకచోట "2,500 కిలోలు లాగుతుందట, మా ట్రెయిలర్ 1,500 కదా, సరిపోతుంది" అని రాశారు. మొదటి బండి కొన్నప్పుడు నేనూ అచ్చంగా ఈ మాటే అనుకున్నాను. లోపల మంచం, అరలు, నీళ్ల ట్యాంకు అన్నీ అమర్చుకుని, ట్రెయిలర్ తగిలించి, ఎందుకైనా మంచిదని కాటా వేయిస్తే మొత్తం బరువు పరిమితి లోపలే ఉంది. వెనక ఇరుసు మీద మాత్రం 180 కిలోలు ఎక్కువ. ఇంజన్‌కి ఏ ఇబ్బందీ లేదు, హాయిగా లాగుతోంది. నలిగిపోతున్నవి స్ప్రింగులు, వెనక టైర్లు, బేరింగులు. ఆ ఏడాదే రెండు టైర్లు పేలాయి. అప్పటిదాకా తప్పు టైర్లదే అనుకున్నాను.

కంపెనీ చెప్పే లాగే సామర్థ్యం అబద్ధం అనడం లేదు. అది ఎలాంటి బండి మీద కొలిచినదో తెలుసుకోవాలి, అంతే. లాగే సామర్థ్యాన్ని కొలవడానికి అమెరికాలో ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర దాదాపు 18 కిలోమీటర్ల పొడవునా ఎత్తు ఎక్కే రోడ్డు ఉంది. ఎండలో, ఏసీ వేసి, ట్రెయిలర్‌తో ఆ ఎత్తు ఎక్కాలి, వేగం మరీ పడిపోకూడదు. పరీక్ష గట్టిదే. కానీ బండిలో ఉన్నట్టు లెక్కగట్టేది ఒక్కొక్కరు 68 కిలోల చొప్పున ఇద్దరు మనుషుల్ని, ట్రెయిలర్‌ని తగిలించే కొక్కెం, అంటే హిచ్, దాని కాస్త సామాన్ని మాత్రమే. మంచం లేదు, బ్యాటరీలు లేవు, నీళ్లు లేవు, మీ బట్టల పెట్టెలు లేవు. మీ బండి రోడ్డెక్కే రోజున అలా ఖాళీగా ఉండదు.

అందుకే మీరు ముందు చూడాల్సిన అంకె పేలోడ్. బండి మోయగల బరువు అది. డ్రైవర్ తలుపు చట్రం మీదో, బానెట్ కిందో ఒక ప్లేటు ఉంటుంది. దాని మీద బండి మొత్తం బరువు పరిమితి, ముందు ఇరుసు పరిమితి, వెనక ఇరుసు పరిమితి ఉంటాయి. చాలా బండ్లకు ట్రెయిలర్‌తో కలిపిన పరిమితి కూడా అక్కడే ఉంటుంది, కొన్నిటికి మాన్యువల్‌లో వెతకాలి. మొత్తం పరిమితిలోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే పేలోడ్. ఖాళీ బరువు బ్రోషర్‌లోంచి తీసుకోకండి. పాత యజమాని ఏమేం తగిలించాడో బ్రోషర్‌కి తెలియదు. కాటా వేయించి తీసుకోండి.

ఒక పెద్ద, ఎత్తు కప్పు వ్యాన్ అనుకుందాం. పరిమితి 3,500, ఖాళీగా 2,250. చేతిలో 1,250 కిలోలు ఉన్నట్టు. బోలెడు అనిపిస్తుంది. ఇక ఖర్చు పెట్టండి. ఇద్దరు మనుషులు 150. గోడలకీ, నేలకీ, అరలకీ 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పది షీట్లు: నిండు షీటు ఒక్కోటి ఇరవై కిలోల పైమాటే, కాబట్టి 220. ఇన్సులేషన్ (చలినీ, ఎండనీ ఆపే పొర), చెక్క బద్దలు 80. మంచం, పరుపు 60. వంద లీటర్ల నీళ్లు, ట్యాంకుతో 110. మామూలు లెడ్ బ్యాటరీలు రెండు 60. సోలార్ ప్యానెళ్లు 30, ఫ్రిజ్ 25, గ్యాస్ సిలిండర్ 25. బట్టలు, వంట సామాను, పుస్తకాలు, "ఇది కూడా ఉండనీ" అని పెట్టినవి 150. బండిలోనే ఉంచుకునే పనిముట్లు ఇంకో వంద. మొత్తం 1,010. మిగిలింది 240.

ఇప్పుడు ట్రెయిలర్ తగిలించండి. ట్రెయిలర్ ముక్కు హిచ్ మీద కూర్చుంటుంది. ఆ బరువు మోసేది బండే. టంగ్ వెయిట్ అంటారు దాన్ని. ఉత్తర అమెరికాలో ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. యూరప్‌లో వేగ పరిమితులూ ట్రెయిలర్ల తయారీ వేరు కాబట్టి అంతకన్నా తక్కువ, 7 శాతం చుట్టుపక్కల చెబుతారు. మీ 1,500 కిలోలకు పది శాతం వేసుకున్నా 150. హిచ్ ఇనుము 30. పోగా మిగిలింది 60 కిలోలు. లాగే సామర్థ్యం ఇంకా బోలెడు ఉంది, మోసే సామర్థ్యం మాత్రం అయిపోయింది. ఇది పెద్ద వ్యాన్ సంగతి. ఆరేడు వందల కిలోల పేలోడ్ ఉన్న ఎస్‌యూవీలో ఈ లెక్క సగానికే ఆగిపోతుంది.

వెనక ఇరుసు సంగతి ఇంకా చెప్పలేదు. హిచ్ ఉండేది వెనక ఇరుసుకి ఇంకా వెనక. అంటే అది తరాజు కొన లాంటిది. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3.6 మీటర్లు, వెనక ఇరుసు నుంచి హిచ్ 1.2 మీటర్ల దూరం అనుకోండి. హిచ్ మీద 150 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద పడేది 150 కాదు, 200. ఆ అదనపు 50 ముందు చక్రాల మీద తగ్గుతుంది. ముందు తేలికైతే స్టీరింగ్ తేలిపోతుంది, తడి రోడ్డు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది. నన్ను ముంచిన లెక్క ఇదే. ఇరుసు వెనక పెద్ద తోక ఉన్న బండ్లు, ముఖ్యంగా పాత మోటర్‌హోములు, ఇక్కడే దెబ్బతింటాయి. వాటిని ఇల్లులా కట్టేసరికే పేలోడ్ దాదాపు అయిపోయి ఉంటుంది. అమ్మేవాళ్లు మాత్రం హిచ్ చూపించి "ఏదైనా లాగుతుంది" అంటారు. హిచ్ బిగించి ఉండటం వేరు, బండికి ఆ స్తోమత ఉండటం వేరు.

మరి ఏది తీసుకోవాలి? నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

ఎస్‌యూవీ వద్దు. ఒక మనిషి, చిన్న ట్రెయిలర్, వారాంతాలు అయితే సరే. ఇద్దరు ఏడాది పొడుగునా ఉండటానికి కాదు. రెండో వారానికే ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కటెముకల్లో ఉంటుంది.

పికప్ లాగడానికి బ్రహ్మాండం. వెనక కప్పు వేసి పడుకోవచ్చు, కానీ నిలబడలేరు. వాన పట్టిన మూడు రోజులు నిలబడకుండా గడపడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

కంపెనీలు, సంస్థలు వాడి అమ్మేసే సరుకు రవాణా వ్యాన్లు, చిన్న బస్సులు నా మొదటి ఎంపిక. చూడటానికి గొప్పగా ఉండవు. డోర్ల మీద పీకేసిన స్టిక్కర్ల గుర్తులుంటాయి. కానీ సర్వీస్ రికార్డు ఉంటుంది, విడిభాగాలు దొరుకుతాయి, ఏ ఊళ్లో మెకానిక్‌కైనా ఆ ఇంజన్ పరిచయమే. చిన్న బస్సు కొంటే సీట్లు పీకేశాక మంచి పేలోడ్ మిగులుతుంది, కిటికీలు బోనస్. కిటికీలెక్కువైతే చలి, ఎండ రెండూ లోపలికి వస్తాయి, అది గుర్తుంచుకోండి. పాత అంబులెన్సులంటే చాలామందికి మోజు. లోపల అరలు, వైరింగ్ అద్భుతంగా ఉంటాయి, నిజమే. కానీ గంటల తరబడి ఇంజన్ ఆన్‌లో పెట్టి నిలబెట్టిన బండ్లవి. ఒక గంట ఐడిల్ అంటే ఇంజన్ అరుగుదలలో సుమారు 40, 50 కిలోమీటర్ల నడకతో సమానమని లెక్క వేస్తారు. మీటరు మీద కిలోమీటర్లు తక్కువ కనిపించినా ఇంజన్ వయసు వేరు. ఇంజన్ గంటల మీటరు ఉంటే అది అడగండి.

ఏ చక్రాలు తోస్తాయన్నదీ చూడండి. ఫియట్ డుకాటో లాంటివి ముందు చక్రాలతో నడుస్తాయి. నేల కిందుగా ఉంటుంది, లోపల ఎత్తు కలిసొస్తుంది, ఉండటానికి హాయి. కానీ హిచ్ బరువు ముందు చక్రాలను తేలిక చేస్తుందని ఇందాక చెప్పుకున్నాం కదా, తడి గడ్డి మీద ఎత్తులో ట్రెయిలర్‌తో బయల్దేరాలంటే చక్రాలు ఊరికే తిరుగుతాయి. తరచూ మట్టి దారుల్లో ఆగేవాళ్లయితే వెనక చక్రాలు తోసే బండి, మెర్సిడెస్ స్ప్రింటర్ లాంటిది, లేదా ఫోర్డ్ ట్రాన్సిట్‌లో వెనక చక్రాల రకం మేలు. ఎప్పుడూ తారు రోడ్డు మీదే ఉంటే ముందు చక్రాల బండితో వచ్చిన నష్టం లేదు.

గేర్‌బాక్స్ దగ్గర కాస్త ఆగాలి. లాగే బండిలో ముందు చచ్చేది అదే. మాన్యువల్ అయితే క్లచ్ పోతుంది, బాధే కానీ ఖర్చు భరించగలం. ఆటోమేటిక్ లాగడానికి సుఖం, ఎత్తులో క్లచ్ కాలే గొడవ ఉండదు. కానీ దాని శత్రువు వేడి. ఆయిల్ వేడెక్కి పాడైతే లోపలి ప్లేట్లు జారతాయి, జారితే ఇంకా వేడెక్కుతుంది. కొనేముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి. కొన్నిటికి డిప్‌స్టిక్ (ఆయిల్ చూసే పుల్ల) ఉండదు, మెకానిక్ చేత తీయించాలి. నల్లబడి మాడిన వాసన వస్తే ధర ఎంత తగ్గించినా వదిలేయండి. "ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదు" అని అమ్మేవాడు అంటే, ఎవరి జీవితం అని అడగండి. విడిగా ఆయిల్ కూలర్ లేకపోతే పెట్టించండి, లాగే బండికి పెట్టే ఖర్చుల్లో నాకు తెలిసి అన్నిటికంటే లాభసాటి అది. సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే రకం గేర్‌బాక్స్ ఉన్న బండిని ఈ పనికి చూడనే వద్దు.

ఇక కిలోమీటర్లు. అంకె చెప్పమన్నారు, చెప్పను. హైవే మీద, ఒకే డ్రైవర్ చేతిలో, వేళకి ఆయిల్ మార్చుకుంటూ 3 లక్షలు తిరిగిన డీజిల్ వ్యాన్, గల్లీల్లో లక్ష తిరిగి నాలుగేళ్లు చెట్టు కింద నిలబడ్డ బండి కన్నా మంచిది. నిలబడ్డ బండిలో రబ్బరు పగుళ్లిస్తుంది, బ్రేకులు పట్టేస్తాయి, ట్యాంకులో తుప్పు. రసీదులు లేని "తక్కువ తిరిగిన" బండి కన్నా రసీదుల కట్ట ఉన్న "ఎక్కువ తిరిగిన" బండికే నా ఓటు.

చూడటానికి వెళ్లే రోజు ముందే ఫోన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచమనండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేటప్పుడు సైలెన్సర్ చూడండి: నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ మండుతోంది, వేడెక్కాక కూడా తెల్లటి పొగ తియ్యటి వాసనతో వస్తే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, లోపలికి పోతోంది. ఆయిల్ మూత కింద మీగడలాంటి పూత ఉందేమో చూడండి. చలికాలంలో కొద్దిగా ఉండటం మామూలే, డిప్‌స్టిక్ మీద కూడా ఉంటే కాదు.

తర్వాత కింద పడుకోండి. పాత బట్టలేసుకుని వెళ్లండి. ఇంజన్ మార్చుకోవచ్చు, చాసిస్‌ని తుప్పు తినేస్తే చేసేదేమీ లేదు. హిచ్ బోల్టులు చాసిస్‌ని పట్టుకున్న చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. కొత్తగా నల్ల రంగు దట్టంగా కొట్టి ఉంటే అక్కడే ఇంకా గట్టిగా పొడవండి. స్ప్రింగు పట్టీలు చదునుగా సాగిపోయి ఉంటే, హిచ్ బంతి ఒక పక్క అరిగి మెరుస్తుంటే, ఆ బండి ఇప్పటికే ఎవరికో బరువులు లాగి వచ్చిందని అర్థం. లోపల కప్పు మూలల్లో, కిటికీల కింద చెయ్యి పెట్టి తడి చూడండి. అగరుబత్తి, సెంటు వాసన గుప్పుమంటే బూజు వాసన దాచడానికేమో. వీటన్నిటి తర్వాత కూడా నచ్చితే, అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌కి డబ్బిచ్చి చూపించండి. "అక్కర్లేదు, నేను చెబుతున్నాగా" అని అమ్మేవాడు అడ్డుపడితే అక్కడితో ఆపేయండి.

డీజిలా, పెట్రోలా అన్నది తక్కువ బడ్జెట్‌లో రెండో ప్రశ్నే. డీజిల్‌కి తక్కువ వేగంలోనే లాగే బలం ఉంటుంది, టర్బో ఉంటుంది కాబట్టి కొండల మీద పెద్దగా నీరసించదు. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ సుమారు పదో వంతు బలం కోల్పోతుంది. కానీ పొగ వడపోసే ఫిల్టర్ ఉన్న కొత్త తరం డీజిల్ బండి రోజూ రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది. ఒకేచోట నెలల తరబడి ఉండేవాళ్లకి అది తలనొప్పి. వెచ్చదనం కోసం రాత్రంతా ఇంజన్ ఆన్‌లో ఉంచడం అసలే వద్దు.

ట్రెయిలర్ గురించి మీరు ఏమీ అడగలేదు, కానీ ప్రాణం తీసేది అది. 1,500 కిలోలకు దాని సొంత బ్రేకులు ఉండాల్సిందే. యూరప్‌లో 750 కిలోలు దాటితే తప్పనిసరి, అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, చాలాచోట్ల సుమారు 1,360 కిలోల దగ్గర గీత గీశారు. మీ దగ్గర చట్టం ఏం చెప్పినా, బ్రేకులు లేకుండా ఆ బరువు లాగకండి. ఎలక్ట్రిక్ బ్రేకులైతే బండిలో కంట్రోలర్ కావాలి, కొనేటప్పుడే వైరింగ్ ఉందో లేదో చూసుకోండి. లైసెన్సు ఎంత బరువు దాకా చెల్లుతుందో కూడా ఇప్పుడే చూడండి, బండి, ట్రెయిలర్ కలిపి.

సామాను ట్రెయిలర్ ఇరుసుకి ముందు వైపు కాస్త ఎక్కువ ఉండేలా సర్దండి. వెనక బరువైతే ముక్కు లేస్తుంది, ఒక వేగం దాటగానే ట్రెయిలర్ పాములా ఊగడం మొదలుపెడుతుంది. బండి పేలోడ్ మిగల్చాలని కావాలనే వెనక బరువు పెట్టేవాళ్లున్నారు, ఆ తెలివి వద్దు. ఊగడం మొదలైతే బండి బ్రేకు తొక్కకండి, వేగం పెంచి బయటపడదామనీ చూడకండి. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి. ట్రెయిలర్ బ్రేకుల్ని చేత్తో వేసే మీట ఉంటే అది మాత్రమే నొక్కండి. ఒకసారి ట్రెయిలర్ అలా ఊగితే మా ఆవిడ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. తప్పు నాదే, కంప్రెసర్ తీసుకెళ్లి వెనక మూలలో పెట్టాను.

ట్రెయిలర్ టైర్లు అరిగిపోయి చావవు, వయసుతో చస్తాయి. టైరు పక్క భాగం మీద ఉండే కోడ్‌లో చివరి నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటితే గట్లు ఎంత ఎత్తుగా ఉన్నా నేను మార్చేస్తాను. మొదటి ఇరవై కిలోమీటర్ల తర్వాత ఆగి, చక్రాల మధ్య భాగం మీద చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే బేరింగో, బ్రేకో పట్టేస్తోంది.

లోపల ఉండటం గురించి ఒక్క విషయమే చెబుతాను, చెమ్మ. ఇద్దరు నిద్రపోయినా గాలిలోకి నీరు చేరుతుంది. దాని మీద గ్యాస్ పొయ్యి. ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీరు పుడుతుంది. అది రేకు గోడల మీద చేరి, ఇన్సులేషన్ వెనక తుప్పు మొదలుపెడుతుంది. కప్పుకి గాలి తీసే ఫ్యాన్ పెట్టండి. ప్రాణం తీసే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం కూడా. దీనికి మాత్రం బడ్జెట్ లేదు అనకండి.

బరువు తగ్గించుకునే చోటు కూడా ఉంది. ప్లైవుడ్ 12 బదులు 6 మిల్లీమీటర్లు వాడితే, షీట్లు అన్నే ఉంటే, వంద కిలోలు మిగులుతాయి. లెడ్ బ్యాటరీల బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఒక్కటి పెడితే, దాదాపు అంతే వాడుకునే కరెంటు పన్నెండు కిలోల్లో వస్తుంది. లెడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు కదా. ఖరీదు ఎక్కువే. గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జ్ చేయకూడదు, అదొకటి. నీళ్ల ట్యాంకు నిండుగా పెట్టుకుని ప్రయాణించకండి, చేరే చోట నింపుకోండి.

డబ్బు సంగతి: ఉన్నదంతా బండికి పెట్టేయకండి. మూడో వంతు పక్కన పెట్టండి. టైర్లు, బ్రేకులు, అన్ని ఆయిళ్లు, బెల్టులు, హిచ్ వైరింగ్ మొదటి మూడు నెలల్లోనే అడుగుతాయి. లోపలి మంచం నేల మీద పరిచిన పరుపైనా ఫర్వాలేదు ముందుగా.

మీ అంకెలతో నేనైతే ఇలా చేస్తాను: ఎత్తు కప్పు, సంస్థలో వాడిన వ్యాన్, వెనక చక్రాల తోపు, పేలోడ్ 1,200 కిలోలకు తగ్గనిది. హిచ్ బరువు పరిమితి కనీసం 150 కిలోలు ఉండాలి. చాలా వ్యాన్లకు అది వందకే ఆగుతుంది, ఈ ఒక్క అంకె చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ట్రెయిలర్ ముందు ముందు 2,500 దాటే ఆలోచన ఉంటే మాత్రం ప్రశ్న తిరగేయండి. పికప్‌తో లాగుతూ, ఇల్లునే ట్రెయిలర్‌లో పెట్టి, పనిముట్లు పికప్ వెనక పెట్టుకోండి. బండి మరమ్మతుకి వెళ్లిన రోజున పడుకోవడానికి చోటు ఉంటుంది, నాలాగా మెకానిక్ షెడ్డులో రెండు వారాలు గడపక్కర్లేదు.

మీరు చూస్తున్న బండి ప్లేటు ఫొటో, హిచ్ మీద ఉన్న ప్లేటు ఫొటో, ట్రెయిలర్ నిండుగా ఉన్నప్పటి కాటా చీటీ పెట్టండి. మీరు రాసిన 1,500 అంచనా అయితే ముందు అది తూకం వేయించండి. నా మొదటి ట్రెయిలర్‌ది కూడా అంచనాయే, కాటా మీద 1,780 వచ్చింది.